ఒంటెకు మూడున్నర

ఖమ్మంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరర్‌గారికి నేను ఈ పద్నాలుగు నెలల్లో ఏడు ఉత్తరాలు రాశాను. నాలుగు మెయిళ్లు, రెండు స్పీడ్ పోస్టులు, ఒకటి నేనే వెళ్లి కాలేజీ గేటు దగ్గర ఇచ్చి వచ్చింది. స్పీడ్ పోస్టు చేరినట్టు రెండుసార్లూ నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. గేటు దగ్గర ఇచ్చినదానికి వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందిందన్న మాట కూడా లేదు. ఆయనకు తీరిక లేదంటే నేను ఒప్పుకోను. ఈ పద్నాలుగు నెలల్లో తన పేజీలో ప్రతి పండుగకూ శుభాకాంక్షలు పెట్టారు. పెరట్లో పూసిన మందారం ఫొటో పెట్టారు. నా ఉత్తరానికే తీరిక దొరకలేదు.

అందుకే ఇది అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఒక్క వరుసది. ఆయన తన విద్యార్థుల కోసం నెట్‌లో పెట్టిన చదరంగం ప్రోగ్రాంలో ఒంటె విలువ ఐదు వందలు అని ఉన్న వరుస ఒకటుంది. దాని పక్కన ఇంగ్లీషులో ఆయన రాసిన మాటకు అర్థం ఇది: "ఒక గని కార్మికుడి అంచనా. విలువలను ఇలా ఊహించి పెట్టకూడదు." కొత్తగా చేరిన విద్యార్థులు ఆ వరుస చూసి నవ్వుకుని పాఠం మొదలుపెడతారు. అక్కడ పేరు లేదు. కానీ కాలేజీలో ప్రదర్శన పెట్టిన రోజు హాల్లో కూర్చున్న వందమందికీ ఆయనెవరో తెలుసు. ఆయన మా అక్క భర్త, మా బావ. ఇప్పుడు లేడు. ఆయన ఒంటెకు ఐదు అనలేదు. మూడున్నర అన్నాడు.

చదరంగం ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కంప్యూటర్‌కు ఆట తెలియదు, లెక్క తెలుసు. రెండు వైపులా ఏ పావులు మిగిలాయో కూడి, ఎవరిది ఎక్కువో చూసుకుంటుంది. అలా కూడాలంటే ఒక్కో పావుకు ఒక్కో అంకె మనమే ముందుగా ఇవ్వాలి. బంటు ఒకటి. దశాంశాల గొడవ లేకుండా దాన్ని వంద అని రాస్తారు. మిగతా వాటి విలువ ఎన్ని బంట్లకు సమానమో అంత. ఈ అంకెల్లో ఏ ఒక్కటి తప్పినా ప్రోగ్రాం ఎంత వేగంగా ఆలోచించినా తప్పుడు బేరాలే చేస్తుంది. ఎక్కువ విలువైనది ఇచ్చి తక్కువది తెచ్చుకుని, లాభపడ్డానని అనుకుంటుంది.

నేను టేకులపల్లిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు కొట్టి ఇస్తాను. ఒకప్పుడు ఖమ్మంలో డిప్లొమా చేసి ప్రోగ్రాంలు రాయడం నేర్చుకున్నానని ఆ ఆఫీసులో ఎవరికీ పట్టదు. అందరికీ నేను టైపింగ్ సారునే. కొత్తగా వచ్చిన అధికారికి పరిచయం చేసేటప్పుడు ప్రింటర్‌ను చూపించి, ఆ తర్వాత నన్ను చూపించారు. అది కూడా నాకు గుర్తుంది.

చదరంగం ప్రోగ్రాం నేను సొంతంగా, ఆదివారాలు కూర్చుని రాసుకున్నాను. దానికి ప్రత్యర్థి బావ. ఆయన బొగ్గు బావిలో టింబర్‌మన్‌గా చేశాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ముందు కర్రతో కప్పును కొట్టి, ఆ చప్పుడు విని, ఎక్కడ నమ్మవచ్చో ఎక్కడ నమ్మకూడదో చెప్పేవాడు. ఆయన సరే అన్నాకే షిఫ్టు వాళ్లు లోపలికి అడుగుపెట్టేవాళ్లు. తర్వాత ఊపిరితిత్తులు పాడై, పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. ఇంటికొచ్చాక ఆయనకు మిగిలినవి రెండే, ముక్కుకు గొట్టంతో ఆక్సిజన్ మిషను, ముందు చదరంగం బోర్డు. కరెంటు పోయిందంటే మిషను ఆగేది. అక్క విసనకర్ర తీసుకునేది. ఆయన మాత్రం ఎత్తు ఆలోచిస్తూనే ఉండేవాడు.

మొదటి ఆదివారమే ఆయన నా ప్రోగ్రాంను తిట్టాడు.

"ఏందిరా బామ్మర్ది, నీ మిషను గుర్రాన్ని మూడు బంట్లకు అమ్ముకుంటున్నది? గట్ల ఎవడన్న ఇస్తడా?"

"పుస్తకాల్ల గుర్రం మూడనే ఉంది బావా."

"పుస్తకం రాసినోడు వచ్చి నీ పక్కన కూసుంటడా? నువ్వు చూసినవా మూడని? తూచి చూసినవా?"

తూచడం ఎలాగో ఆయనే కనిపెట్టాడు. దానికి కుంటాట అని పేరు పెట్టాడు. తన వైపు ఒక ఒంటెను తీసేసేవాడు, నా వైపు మూడు బంట్లు తీసేసేవాడు. ఆ స్థితి నుంచి ఆట మొదలు. ఒక ఆట అయ్యాక పక్కలు మార్చుకునేవాళ్లం, ఎందుకంటే ఆయన నాకంటే బాగా ఆడతాడు, అది లెక్కలో కలవకూడదు. ఎటు గెలిచారో పాత క్యాలెండర్ కాగితాల వెనక గీతలు పెట్టేవాళ్లం. మూడు బంట్లు తీస్తే ఒంటె లేనివాడే ఎక్కువసార్లు ఓడాడు. నాలుగు తీస్తే బంట్లు లేనివాడు ఓడాడు. ఒక వర్షాకాలమంతా ఇదే పని. ఇల్లంతా క్యాలెండర్ కాగితాలు. అక్క గిన్నె చప్పుడు చేసేది.

"గుర్రం మూడో నాలుగో తేలేదాక అన్నం తినరా? మీ రాజులకు ఆకలి కాదేమో గని, మనిషికైతది. చారు చల్లారిపాయె."

"ఆగు, ఇంకొక్క కుంటాట."

"కుంటియి ఆటలే కాదు, మీరిద్దరు గూడ గంతే."

చివరికి తేలినవి ఇవి. గుర్రానికి మూడుంపావు. ఒంటెకు మూడున్నర. ఏనుగుకు ఐదు. మంత్రికి తొమ్మిదిన్నర. ఒంటెల విషయంలో ఆయన ఇంకో మాట పట్టుబట్టి రాయించాడు.

"ఒక్క ఒంటె సగం బోర్డే చూస్తది. తెల్ల గళ్లది నల్ల గడి తొక్కది. రెండూ ఉంటెనే బోర్డంత దానిది. జోడు ఉన్నంత సేపు ఇంకో అర కలుపు. ఒకటి పోతే ఆ అర గూడ పోవాలె."

నేను రాజుకు ఇరవై వేలు పెట్టానని తెలిసి మాత్రం కోపం చేశాడు. "రాజుకెందుకు అంకె? అంకె ఏస్తివంటే ఎన్నడో ఒకనాడు అమ్ముకుంటది." ఆయన మాట మీద తీసేసి చూశాను. ప్రోగ్రాం నాలుగో ఎత్తుకే రాజును తీసుకొచ్చి బోర్డు మధ్యలో నిలబెట్టింది. మళ్లీ ఇరవై వేలు పెట్టాను. ఆయనకు చెప్పలేదు.

ఆ అంకెలు పెట్టాక నా ప్రోగ్రాం మారిన మాట నిజం. అంతకుముందు ఎప్పుడూ ఓడిపోయేది, ఆ తర్వాత బావను కూడా రెండుసార్లు ఓడించింది. రెండోసారి ఓడినప్పుడు ఆయన దగ్గుతూ నవ్వి, "నన్ను నేనే ఓడగొట్టుకున్న" అన్నాడు. ఆయనను అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా రాసి, చదరంగం ప్రోగ్రాంలు నేర్పే ఈ లెక్చరర్‌గారికి పంపాను. అప్పట్లో ఆయన జవాబులు ఇచ్చేవారు. కాలేజీలో ఒక ఆదివారం ప్రదర్శన పెడుతున్నామని, గని కార్మికుడి అనుభవాన్ని కంప్యూటర్‌లో చూపిద్దామని రాశారు. ఆయన తన ప్రోగ్రాంలో బావ అంకెలు పెడతారు. దాని మీద విద్యార్థుల ప్రోగ్రాం ఆడుతుంది. విద్యార్థులు తమ ప్రోగ్రాంను తనతో తానే వేలసార్లు ఆడించి అంకెలు తేల్చారట. బావ ఆ ఉత్తరాన్ని నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

నేను పట్టిక తెలుగులో కొట్టి పంపాను. ప్రదర్శనకు రెండు రోజుల ముందు, నేను ఆఫీసులో ఉండగా లెక్చరర్‌గారు ఫోన్ చేశారు. ఆయనది మధిర వైపు.

"మీ ఫైల్ తెరిస్తే గళ్లు గళ్లుగా కనబడుతోందండీ. ఫాంట్ ఏదో తేడా. ఫోన్‌లో చెప్పేయండి, నేను కొట్టుకుంటాను."

"ఇంగ్లీషుల మళ్ల పంపుతా సార్. రెండు నిమిషాలు."

"ఎందుకండీ మీకు శ్రమ, ఇంగ్లీషు అవీ ఎందుకు. తెలుగులోనే చెప్పండి. గుర్రానికి ఎంత?"

"మూడుంపావు."

"మంత్రికి?"

"తొమ్మిదిన్నర."

"శకటుకు?"

శకటు అన్న మాట మా ఇంట్లో లేదు. మా వైపు మూలన నిలబడేది ఏనుగు, ఏటవాలుగా పోయేది ఒంటె. ఊరేగింపుల్లో శకటాలు చూశాను, శకటమంటే బండి. బండి సూటిగా పోతుంది. మూల పావును ఆయన వైపు అలా అంటారనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఐదు," అన్నాను.

"ఐదా?"

"అవ్ సార్, ఐదే."

"సరే. మిగతాది మామూలే కదా."

"ఒంటె గురించి ఒక మాట చెప్పాలె సార్. జోడుగ ఉంటే..."

"అవన్నీ తర్వాత చూద్దామండీ, క్లాసుంది," అని పెట్టేశారు.

ఆ "తర్వాత" రాలేదు. సాయంత్రం ఇంగ్లీషులో పట్టిక కొట్టి మళ్లీ పంపాను. అది తెరిచారో లేదో నాకు తెలియదు. ఐదు వందలు ఆ వరుసలో ఇప్పటికీ ఉందంటే తెరవలేదనే నేను అనుకుంటాను.

ఆదివారం పొద్దున కారు మాట్లాడుకుని ఇల్లందు మీదుగా ఖమ్మం వెళ్లాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చిన్న ఆక్సిజన్ సిలిండర్ అక్క ఒళ్లో పెట్టుకుంది. హాల్లో ముందు వరుస కుర్చీలకు తువ్వాళ్లు కప్పి ఉన్నాయి. సిలిండర్ దారికి అడ్డమని మమ్మల్ని చివర, తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఎవరి అనుభవం చూపిస్తున్నారో ఆ మనిషిని తలుపు పక్కన కూర్చోబెట్టారు. నన్ను "టైపింగ్‌లో సహాయం చేసినవారు" అని పరిచయం చేశారు.

తెర మీద ఆట మొదలైంది. తొమ్మిదో ఎత్తుకు బావ అంకెలతో ఆడుతున్న ప్రోగ్రాం తన ఏనుగును ఎదుటివాడి ఒంటెకు ఇచ్చేసింది. ఏ బలవంతమూ లేదు, తానుగా వెళ్లి ఇచ్చింది. బావ ముందుకు వంగాడు.

"ఏందిరా గది? ఏనుగునిచ్చి ఒంటెను దెచ్చుకున్నది?"

నాకేమీ అర్థం కాలేదు. ఇంకొంచెం సేపటికి రెండో ఏనుగు కూడా అలాగే పోయింది. విద్యార్థులు నవ్వడం మొదలుపెట్టారు. లెక్చరర్‌గారు మైకు తీసుకున్నారు.

"అంకుల్‌గారు కూడా ఉన్నారు కాబట్టి తెలుగులోనే చెబుతాను. ఎందుకిలా ఆడుతోందంటే, అంకుల్‌గారి లెక్క ప్రకారం శకటుకు ఐదు అన్నమాట."

హాలంతా నవ్వింది. బావ తలుపు పక్కనుంచి లేచి నిలబడ్డాడు. గొట్టం లాగినట్టవడంతో అక్క సిలిండర్ పట్టుకుని తనూ లేచింది. ఆయన గొంతులో బలం లేదు, అయినా అందరికీ వినబడింది.

"అవ్, ఐదే. ఐదు గాక ఎంత? దానికేమైంది?"

అప్పుడు నవ్విన నవ్వు నేను మర్చిపోలేదు. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి మరీ నవ్వారు, ఆయన చొక్కా రంగు కూడా చెప్పగలను. బావ మూల పావుకు ఐదు అన్నాడు. ప్రపంచమంతా అదే అంటుంది. నవ్వేవాళ్లు ఒంటెకు కూడా ఏనుగుతో సమానంగా ఐదు అని విన్నారు. హాల్లో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఒక మాట రెండు పావుల మీద పడింది, అంతే. పక్కనే కూర్చున్న నాకు కూడా ఆ సంగతి తట్టలేదు. తట్టి ఉంటే అక్కడే బోర్డు మీద వేలు పెట్టి చూపించేవాణ్ణి.

"అనుభవాన్ని గౌరవించాలి. కానీ అనుభవం వేరు, పరీక్ష వేరు," అని లెక్చరర్‌గారు ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో, కారేపల్లి దాటాక బావ నా వైపు తిరిగాడు.

"ఏనుగుకు ఐదు తప్పా?" అన్నాడు.

"తప్పు గాదు బావా."

"మరెందుకు నవ్విండ్రు?"

ఇంకొంత దూరం పోయాక ఆయనే అన్నాడు. "ఒంటె లెక్కనే తప్పయి ఉంటది. మూడున్నర ఎక్కువైంది. అందుకే దాని కోసం ఏనుగులిచ్చింది. తూచుడు రాలేదు నాకు."

"మూడున్నరకు ఐదు ఎవడిస్తడు బావా? లెక్క కుదరలే."

"కంప్యూటరే ఇచ్చింది గదరా. కండ్లతోని చూసినం."

ఇంటికి వచ్చాక బోర్డు మడిచి అల్మారా మీద పెట్టమన్నాడు. క్యాలెండర్ కాగితాలు అక్క చేత పొయ్యిలో వేయించాడు. నేను అడ్డుపడలేదు, ఆయనకు కోపం తగ్గాక నా కంప్యూటర్‌లో ఉన్నవి చూపిద్దామనుకున్నాను. పందొమ్మిది రోజుల తర్వాత కొత్తగూడెం దవాఖానాలో పోయాడు. ఆ పందొమ్మిది రోజుల్లో చదరంగం మాట ఆయన నోట రాలేదు.

దినాలు అయ్యాక లెక్చరర్‌గారు ప్రోగ్రాంను నెట్‌లో పెట్టారని తెలిసి తెరిచాను. అందులో బిషప్ అన్న చోట ఐదు వందలు ఉంది. బిషప్ అంటే ఒంటె అని నాకు తెలుసు, నా ప్రోగ్రాం నేనే రాసుకున్నాను. ఆ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. మా ఆఫీసులో మధిర నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన ఉన్నారు. ఫోన్‌లో చదరంగం బోర్డు తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఇందుల శకటు ఏది సార్?"

"ఇదిగో, ఇదేనండీ," అని ఆయన ఒంటె మీద వేలు పెట్టారు. "ఎందుకండీ, మీ వైపు ఏమంటారు?"

నేను బయటికి వెళ్లి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

నా తప్పు నేను దాచడం లేదు. ఐదు అన్న నోరు నాది. శకటంటే ఏందని అడగాల్సింది, అడగలేదు. తెలియదంటే తక్కువైపోతానని అడగలేదేమో, అది కూడా నిజమే కావచ్చు. ఈ మాట ఏడు ఉత్తరాల్లోనూ రాశాను. కానీ నాకు ఇంగ్లీషు రాదని ఆయన అనుకోకపోతే బిషప్ అని అడిగేవారు, నేను మూడున్నర అని చెప్పేవాణ్ణి. ఒంటె మాట ఎత్తినప్పుడు అర నిమిషం విని ఉంటే అక్కడే బయటపడేది. రెండో ఫైలు తెరిచి ఉంటే ప్రదర్శనకు ముందే సరిపోయేది. మూడుసార్లు చెప్పబోయాను, మూడుసార్లూ వినలేదు.

అక్కకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"పోయినోనికి ఒంటె మూడైతేంది, ఐదైతేంది తమ్మీ?" అంది.

చేట పక్కన పెట్టి మళ్లీ తానే అంది. "తనకు తూచుడు రాదనుకోని పోయిండు. జిందగంత బండ చప్పుడు ఇని మందిని లోపటికి పంపిన మనిషి. గది రాయి నీ ఉత్తరంల."

రాశాను. అది మూడో ఉత్తరం.

గేటు దగ్గర ఉత్తరం ఇచ్చిన రోజు ఆయన కారు బయటికి వచ్చింది. నన్ను చూశారు, గుర్తుపట్టారు. అద్దం పైకి ఎక్కించుకున్నారు. ఎండ ఎక్కువగా ఉందని ఎవరైనా అనవచ్చు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

లెక్చరర్‌గారూ, అంకుల్‌గారే లేచి ఐదు అన్నారు కదా అని మీరు అనవచ్చు. అన్నాడు, మీ నోట వచ్చిన మాటకు తనకు తెలిసిన అర్థం పెట్టుకుని అన్నాడు. ఇప్పుడు మీకు ఆ సంగతి తెలుసు, ఏడుసార్లు తెలుసు. తెలిసి కూడా ఆ వరుసను అలాగే ఉంచడం పొరపాటు కాదు.

క్షమాపణ నాకు అక్కర్లేదు. మీ విద్యార్థుల ప్రోగ్రాం మీ దగ్గరే ఉంది, నా దగ్గర లేదు. ఉంటే మిమ్మల్ని అడిగేవాణ్ణే కాదు. బిషప్‌కు మూడు వందల యాభై పెట్టండి, జోడుకు యాభై కలపండి, మళ్లీ ఆడించండి. ఒక్కసారి కాదు, వందసార్లు ఆడించండి. మీరే కదా పరీక్ష వేరు అన్నది, ఆ పరీక్ష పెట్టండి. బావ అంకె ఓడిపోతే ఓడిందని రాయండి, మా అక్కకు నేనే చదివి వినిపిస్తాను. గెలిచినా, సమంగా నిలిచినా ఆ వరుస పక్కనున్న మాట కొట్టేసి, గని కార్మికుడు ఒంటెకు చెప్పింది మూడున్నర అని రాయండి. అసలు పరీక్షే పెట్టను అంటే, పెట్టనని అయినా రాయండి. ఏదో ఒకటి మీ చేత్తో రాయండి. రెండో ఫైలు మీరు తెరిచారా, తెరవలేదా? జవాబు చెప్పండి.